పదో తరగతి బ్యాచ్ కలిసిన రోజు పిల్లలు ఏం వింటారు?



ఏదో ఒక రోజు మీ ఫోన్‌లో ఒక కొత్త వాట్సాప్ గ్రూపు కనిపించే ఉంటుంది. పేరు ‘ఎస్సెస్సీ 1998 బ్యాచ్’ లాంటిది. మిమ్మల్ని ఎవరు చేర్చారో వెంటనే తెలియదు. లోపల ఇరవై ముప్ఫై నంబర్లు, సగానికి పేర్లు లేవు. ఎవరో ఒక పాత గ్రూప్ ఫొటో పెడతారు. ముందు వరసలో కుర్చీల్లో టీచర్లు, వెనక బెంచీల మీద నిలబడ్డ పిల్లలు, రంగు వెలిసిన యూనిఫాంలు. మీరు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి వెతుకుతారు. పక్కనే కూర్చున్న మీ పాప కూడా తొంగి చూసి, “ఇందులో నువ్వెక్కడ నాన్నా?” అని అడుగుతుంది.

కొన్నాళ్లకు తేదీ ఖరారవుతుంది. ఆంధ్రలో ఎక్కువగా సంక్రాంతికి, తెలంగాణలో దసరాకి, రెండు చోట్లా మే నెలలో. అందరూ ఊరికి వచ్చే రోజులవే కదా. పాత బడి ఆవరణలోనో ఫంక్షన్ హాల్లోనో కలుస్తారు. రిటైరైన టీచర్లను పిలిచి శాలువాలు కప్పుతారు. ఒక మాస్టారు సరదాగా హాజరు పిలుస్తారు. భోజనాలు, ఫొటోలు, బడికి ఫ్యాన్లో బెంచీలో తాగునీటి ప్లాంటో ఇవ్వాలన్న తీర్మానం. రాత్రికి ఇల్లు చేరతారు. అప్పుడు కబుర్లు మొదలవుతాయి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎంత సంపాదించారు, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు.

ఆ కబుర్లు మీ జీవిత భాగస్వామికే చెబుతున్నాననుకుంటారు. పక్క గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చున్న మీ అబ్బాయో అమ్మాయో కూడా వింటారు. చదువు తర్వాత జీవితం ఎలా ఉంటుందో పిల్లలకు మనం విడిగా కూర్చోబెట్టి చెప్పేది తక్కువ. ఇలా చెవిన పడ్డ మాటల్లోంచి వాళ్లే ఒక లెక్క వేసుకుంటారు. అందుకే ఈ నెల ఈ విషయం మీతో మాట్లాడాలనుకున్నాం.

ముఖం గుర్తుంటుంది, పేరు జారిపోతుంది

“నీ ముఖం తెలుసు, పేరే నోటి దాకా వచ్చి ఆగిపోతోంది” అని మీరు ఎవరితోనో అనే ఉంటారు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అమెరికాలో హ్యారీ బారిక్ అనే మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి 1975లో ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించారు. హైస్కూలు చదువు ముగించిన 392 మందిని ఎంచుకున్నారు. కొందరు అప్పుడే బడి విడిచినవాళ్లు, కొందరు దాదాపు యాభై ఏళ్ల కిందట విడిచినవాళ్లు. వాళ్ల బడి ఇయర్‌బుక్‌లోని ఫొటోలను కొత్త ఫొటోలతో కలిపి చూపించి, ఇందులో మీ క్లాసువాళ్లు ఎవరని అడిగారు. బడి విడిచి ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లు కూడా దాదాపు 90 శాతం ముఖాలను సరిగ్గా పట్టేశారు. అదే ఏ ఆధారమూ ఇవ్వకుండా మీ క్లాసులో ఎవరెవరు ఉండేవాళ్లో పేర్లు చెప్పమంటే మాత్రం చాలా తక్కువ చెప్పగలిగారు.

అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు, దాన్ని బయటికి తీసే ఆధారం చేతిలో లేదు. పాత ఫొటో, హాజరు పట్టీలోని పేర్ల వరస, బడి గంట మోత, ఎవరో గుర్తు చేసిన ఒక ముద్దుపేరు ఆ ఆధారాన్ని ఇస్తాయి. సమ్మేళనానికి వెళ్లేటప్పుడు పాత ఫొటో ప్రింటు తీసుకెళ్లమని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి. పెద్దవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవి మిగతా వయసు కంటే ఎక్కువగా బయటికొస్తాయని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. మొదటి సైకిలు, మొదటి బహుమతి, మొదటి అవమానం, ఇంటి నుంచి దూరంగా గడిపిన మొదటి రాత్రి, అన్నీ ఆ వయసులోనివే. ఒక్కసారి ఆలోచించండి. మీ పిల్లలు సరిగ్గా ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నారు. ఈ సంవత్సరం బడిలో జరిగేవి, ఇంట్లో మీరు అనే మాటలు వాళ్లకు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా గుర్తుండే అవకాశం ఎక్కువ.

‘నువ్వా, మీరా?’

సమ్మేళనంలో మొదటి అరగంట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మగవాళ్లు మగవాళ్లతో వెంటనే “ఏరా” లోకి వెళ్లిపోతారు. ఆడవాళ్లు “ఏమే, ఇంత మారిపోయావేంటే” అని చేతులు పట్టుకుంటారు. చిక్కంతా మిగతా సగంతోనే. ఒకే గదిలో ఐదేళ్లు చదివినా, అప్పట్లో అబ్బాయిలు అమ్మాయిలు మాట్లాడుకున్నది తక్కువ. చాలా బళ్లలో బెంచీలు అటొక వరస, ఇటొక వరస. ఆ రోజు ‘నువ్వు’ అనే చనువే లేదు, ఇప్పుడు వయసు వచ్చింది కాబట్టి ‘మీరు’ అనక తప్పడం లేదు. “బాగున్నారా అండీ, మీరు మూడో బెంచీ కదా?” అని మొదలై, సాయంత్రానికి పేరు పెట్టి పిలుచుకునే దాకా వస్తారు.

ఈ మార్పును మీ పిల్లలు చూస్తే మంచిదే. అమ్మకు మగ స్నేహితులు, నాన్నకు ఆడ స్నేహితులు ఉండవచ్చని, గౌరవంగా మాట్లాడుకోవచ్చని వేరే పాఠం చెప్పకుండానే తెలుస్తుంది. దాచి మాట్లాడే స్నేహం అనుమానానికి చోటిస్తుంది. ఇంట్లో అందరి ముందు మాట్లాడే స్నేహం కుటుంబ స్నేహమవుతుంది.

హాజరు పలకనివాళ్లు

మాస్టారు పట్టీలో పేర్లు చదువుతుంటే కొన్ని పేర్ల దగ్గర జవాబు రాదు. కొందరు ఇక లేరు. వాళ్ల కోసం నిమిషం మౌనం పాటిస్తారు. కొందరు దూరదేశాల్లో ఉండి వీడియో కాల్‌లో చేయి ఊపుతారు. ఇంకా కొందరు మిగులుతారు. ఊళ్లోనే ఉండి కూడా రానివాళ్లు.

వాళ్లు ఎందుకు రాలేదని ఎవరూ గట్టిగా అడగరు. చందా వెయ్యో రెండు వేలో కట్టే స్థితి లేకపోవచ్చు. పది తప్పిన తర్వాత చదువు ఆగిపోయి ఉండవచ్చు. పెళ్లి నిలవకపోయి ఉండవచ్చు. “ఇప్పుడేం చేస్తున్నావ్?” అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక ఆగిపోయి ఉండవచ్చు. ఒకప్పుడు పది ఫలితాలు పేపర్లో హాల్ టికెట్ నంబర్లుగా వచ్చేవి. నంబరు కనపడని రోజు కొందరికి బడితోనే కాదు, స్నేహితులతో కూడా బంధం తెగిపోయింది. మిగతావాళ్లు ఇంటర్‌కు వెళ్లారు, వాళ్లు పనికి వెళ్లారు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సమ్మేళనానికి వచ్చినవాళ్లంతా కలిస్తే మీ బ్యాచ్ కాదు. కాస్త నిలదొక్కుకున్నవాళ్లు, చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లే ఎక్కువగా వస్తారు. వచ్చినవాళ్లను మాత్రమే చూసి ‘మా బ్యాచ్ అంతా బాగుపడింది’ అనుకుంటే అది పొరపాటే.

ఈసారి నిర్వాహకుల్లో మీరుంటే రెండు చిన్న పనులు చేయండి. చందా ఎంతో నిర్ణయించి గ్రూపులో పేర్లవారీగా ఎవరు ఇచ్చారో జాబితా పెట్టకండి. ఇవ్వగలిగినవాళ్లు ఎక్కువ ఇస్తారు, ఇవ్వలేనివాళ్ల పేరు బయటికి రాదు. రెండోది, రానని చెప్పినవాళ్ల ఇంటికి ఒకరిద్దరు స్వయంగా వెళ్లండి. గ్రూపులో పెట్టిన ఆహ్వానం వేరు, గుమ్మం దగ్గర నిలబడి “నువ్వు రాకపోతే ఎలారా” అనడం వేరు.

రెండు కథలూ పిల్లలకు బరువే

ఇక ఇంటికొచ్చాక చెప్పే కబుర్ల సంగతి. సాధారణంగా రెండు రకాల కథలు వినిపిస్తాయి.

మొదటిది: “మా క్లాస్ ఫస్ట్ వచ్చినవాడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. చూశావా, అప్పుడు చదివాడు కాబట్టే.” రెండోది దానికి పూర్తిగా ఎదురు: “వాడు లాస్ట్ బెంచీ. పది రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు వాడి దగ్గర ముగ్గురు ఇంజినీర్లు పనిచేస్తున్నారు. చదువులో ఏముంది!”

మొదటి కథ వింటున్న పిల్లకు, అందులోనూ మొన్నటి పరీక్షలో మార్కులు తగ్గిన పిల్లకు, తలుపు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. రెండో కథ ధైర్యం చెబుతున్నట్టు ఉంటుంది గానీ అదీ తప్పుదారే. తప్పిన పది మందిలో వ్యాపారంలో పైకొచ్చిన ఒక్కరే ఆ రోజు హాల్లో ఉన్నారు. మిగతా తొమ్మిది మంది అక్కడికి రానే లేదు. పైగా ఆ ఒక్కరిని నిజంగా అడిగి చూడండి. “చదువు లేకపోయినా పర్వాలేదు” అని ఆయన తన పిల్లలకు చెప్పరు. లెక్కలు రాక మోసపోయిన రోజులు, బ్యాంకు కాగితం చదవలేక ఇంకొకరి మీద ఆధారపడిన రోజులు ఆయనకు బాగా గుర్తుంటాయి.

రెండు కథల్లోనూ ఒకటే లోపం. ఇద్దరి జీవితాలనూ సంపాదన అనే ఒకే కొలతతో కొలిచాం. మూడో కథ ఒకటి ఉంటుంది, దాన్ని చెప్పడం మరిచిపోతాం. మంచానపడ్డ అత్తగారిని పదేళ్లు చూసుకున్న స్నేహితురాలు. అదే ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతూ ఎంతోమంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన స్నేహితురాలు. తాగుడు మానేసి ఏడేళ్లయిందని మెల్లగా చెవిలో చెప్పిన స్నేహితుడు. మార్కులు మామూలుగానే వచ్చినా, ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు చేరే స్నేహితుడు. మీ పిల్లలు ఇవి కూడా వినాలి.

మాట ఎలా ఉండవచ్చో ఒక ఉదాహరణ చూడండి. తొమ్మిదో తరగతి అమ్మాయి అడుగుతుంది.

“నాన్నా, మీ క్లాసులో ఫస్ట్ ఎవరు? ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?”

“పోస్టాఫీసులో చేస్తున్నాడు తల్లీ. ఇంజినీరింగ్ సీటు వచ్చింది కానీ, వాళ్ల నాన్నగారు పోయారు. తమ్ముళ్లిద్దర్నీ వాడే చదివించాడు.”

“అయ్యో, అంత చదివీ వేస్టయిపోయిందా?”

“అలా ఎందుకనుకుంటావు? ఈ రోజు మా అందరికీ ట్రిగొనామెట్రీ గుర్తుందా అని అడిగి, ఒక్క లెక్క బోర్డు మీద చేసి చూపించాడు. వాడి ముఖం చూడాల్సింది నువ్వు.”

ఇందులో పాఠం చెప్పినట్టు లేదు. కష్టం దాచలేదు, పెద్దది చేయనూ లేదు. అయినా అమ్మాయికి తెలియాల్సింది తెలిసింది.

మధ్యలో ఆపి చూస్తే

బ్రిటన్‌లో 1964లో ‘సెవెన్ అప్’ అనే టీవీ డాక్యుమెంటరీ వచ్చింది. రకరకాల కుటుంబాల నుంచి ఏడేళ్ల పిల్లలు 14 మందిని ఎంచుకుని, పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు. దర్శకుడు మైకేల్ ఆప్టెడ్ ఆ తర్వాత ఏడేళ్లకోసారి వాళ్ల దగ్గరికి వెళ్లి చిత్రీకరిస్తూ వచ్చారు. 2019లో వాళ్లకు 63 ఏళ్లు వచ్చినప్పుడు తీసినది ఆయన చివరిది. పుట్టిన ఇల్లే జీవితాన్ని నిర్ణయిస్తుందా అన్న ప్రశ్నతో అది మొదలైంది. చాలామంది విషయంలో ఇంటి స్థితి ప్రభావం గట్టిగానే కనిపించింది. కానీ అనుకోని మలుపులూ ఉన్నాయి.

ఆ పిల్లల్లో ఒకరు ఏడేళ్లప్పుడు చాలా హుషారుగా, అంతరిక్షంలోకి వెళ్తానని చెప్పారు. 28 ఏళ్ల దగ్గర చూస్తే, ఇల్లు లేకుండా స్కాట్లాండ్‌లో తిరుగుతున్నారు. అక్కడ ఆపేసి ఉంటే అది ఓడిపోయిన కథ. 42 ఏళ్ల దగ్గర మళ్లీ చూస్తే, లండన్‌లో స్థానిక కౌన్సిలర్‌గా ఎన్నికై ప్రజల పనులు చూస్తున్నారు.

మీ బ్యాచ్ సమ్మేళనం కూడా అలాంటి ఒక్క భాగమే. నలభై ఏళ్ల వయసులో ఒకరిని చూసి ‘పైకొచ్చాడు’, ‘పాడైపోయాడు’ అని ముద్ర వేయడం తొందరపాటు. నలభైల్లోనే అంత తొందర తగనప్పుడు, పద్నాలుగేళ్ల పిల్లల మీద ఒక యూనిట్ టెస్టు చూసి ముద్ర వేయడం ఎంత తొందరపాటో వేరే చెప్పక్కర్లేదు.

పాత స్నేహం ఇప్పుడేం చేస్తుంది?

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం ఇప్పటికీ సాగుతోంది. హార్వర్డ్ విద్యార్థులను, బోస్టన్ నగరంలోని పేద వాడల అబ్బాయిలను కలిపి 724 మందిని వాళ్ల జీవితాంతం గమనిస్తూ వచ్చారు. ఆ తర్వాత వాళ్ల భార్యాపిల్లలనూ చేర్చారు. యాభై ఏళ్ల వయసులో మనుషులతో సంబంధాలు తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభైలలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారన్నది ఆ అధ్యయనం చెప్పే ముఖ్యమైన సంగతి. ఎన్ని వందల మంది తెలుసన్నది కాదు, కష్టంలో పిలిస్తే పలికేవాళ్లు ఉన్నారా అన్నదే లెక్క.

తెగిపోయిన పరిచయం పనిలో కూడా ఉపయోగపడుతుంది. 2011లో కొందరు పరిశోధకులు మేనేజర్లతో, చాలా ఏళ్లుగా మాట్లాడని పాత పరిచయస్తులకు ఫోన్ చేయించి, తమ పని గురించి సలహా అడిగించారు. రోజూ కలిసేవాళ్లు ఇచ్చిన సలహా కంటే అందులో కొత్తదనం ఎక్కువ కనిపించింది. కారణం తేలికే. రోజూ కలిసేవాళ్లకు మీకు తెలిసిందే తెలుసు. ఇరవై ఏళ్లు వేరే దారిలో నడిచినవాళ్లకు వేరే లోకం తెలుసు, అయినా మీ మీద పాత నమ్మకం ఉంది.

“ఇన్నేళ్ల తర్వాత ఫోన్ చేస్తే ఏమనుకుంటారో” అని చాలామంది ఆగిపోతారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లూ బృందం 2022లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. అనుకోకుండా వచ్చిన చిన్న పలకరింపుకు అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువగా అంచనా వేస్తామని అందులో తేలింది. పెద్ద మాటలు అక్కర్లేదు. “మన ఊరి మీదుగా వెళ్తుంటే నువ్వు గుర్తొచ్చావు” అన్నది చాలు.

గ్రూపులో కొన్ని జాగ్రత్తలు

స్నేహం పేరుతో డబ్బు వ్యవహారాలు రావచ్చు. చీటీలు, గొలుసు పథకాలు, రెట్టింపు లాభాల మాటలు గ్రూపులోకి వస్తే, ‘మనవాడే కదా’ అని కాకుండా బయటివాళ్లు చెబితే ఎలా చూస్తారో అలాగే చూడండి. స్నేహితుడికి సాయం చేయాలనిపిస్తే, తిరిగి రాకపోయినా బాధపడని మొత్తమే ఇవ్వండి.

మీ పిల్లల మార్కుల పట్టీలు, ర్యాంకు కార్డులు గ్రూపులో పెట్టకండి. పెట్టే ముందు వాళ్లను అడగండి. వాళ్ల మార్కులు వాళ్లవి. మీరు పెట్టిన మర్నాడే ఇంకొకరు తమ పిల్లల మార్కులు పెడతారు, పోలిక అక్కడే మొదలవుతుంది.

పాత ముద్దుపేర్లు, పాత దెబ్బలు అందరికీ సరదా కావు. గోడ కుర్చీ వేసిన రోజు మీకు నవ్వు తెప్పించవచ్చు, వేసినవాళ్లకు ఇంకా గుచ్చుకోవచ్చు. ఎవరినైనా అప్పట్లో ఏడిపించి ఉంటే, ఈ కలయికే మంచి సందర్భం. పక్కకు పిలిచి “అప్పుడు తప్పు చేశాను” అనండి. ఆ మాట కోసం ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూసినవాళ్లు కూడా ఉండవచ్చు.

మన పిల్లల బ్యాచ్ సంగతి

మీకు ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ దొరికి ఉండవచ్చు. ఇప్పటి పిల్లలకు ఉద్యోగ బదిలీలు, ఇల్లు మారడం, క్యాంపస్ మారడం, సెక్షన్లు మారడం మామూలైపోయాయి. ప్రతిసారీ ఒకరో ఇద్దరో స్నేహితులు జారిపోతారు. “కొత్త సెక్షన్‌లో కొత్త ఫ్రెండ్స్ వస్తారులే” అని తేలిగ్గా అనేస్తాం. వాళ్లకది చిన్న నష్టం కాదు. పాత స్నేహితులతో నెలకోసారైనా మాట్లాడే వీలు కల్పించండి. పుట్టినరోజుకు పాత సెక్షన్ పిల్లలనూ పిలవండి. హాస్టల్లో ఉన్న పిల్లలు ఇంటికొచ్చినప్పుడు వీధిలోని చిన్ననాటి స్నేహితులను కలవడానికి ఒక సాయంత్రం వదిలేయండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఒక ఆదివారం మీ పాత గ్రూప్ ఫొటో, ఉంటే ఆటోగ్రాఫ్ పుస్తకం బయటికి తీయండి. పిల్లలతో కలిసి చూడండి. ఐదుగురి గురించి చెప్పండి. ఆ ఐదుగురిలో ఒక్కరైనా మీకు చేసిన సాయం వల్ల గుర్తున్నవాళ్లు కావాలి, ఒక్కరైనా ఎక్కడున్నారో తెలియనివాళ్లు కావాలి.

పిల్లల ఈ ఏడాది క్లాసు ఫొటో ప్రింటు తీయించండి. వెనక అందరి పేర్లు వరసగా వాళ్ల చేతే రాయించండి, ఇంటిపేర్లతో సహా. ముఖాలు గుర్తుంటాయి, జారిపోయేది పేర్లేనని పైన చూశాం కదా.

ఎన్నాళ్లుగానో మాట్లాడని ఒక స్నేహితుడికో స్నేహితురాలికో పిల్లల ముందే ఫోన్ చేయండి. స్పీకర్‌లో పెట్టక్కర్లేదు. “ఏరా, నేనేరా, గుర్తుపట్టావా?” అంటున్న మీ గొంతు విన్నా చాలు. మీరు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి పక్క బెంచీలో కూర్చున్నవాళ్లేనని వాళ్లకు తెలుస్తుంది.